మిగిలిన ఒక్క గుడ్డు

"ఇదీ మురిగిపోయింది. పారేస్తున్నా," అంది అత్తగారు, కోడలి భుజం తట్టి, ఎదురుగా వచ్చి నిలబడి. ఏ మాటైనా మొహంలో మొహం పెట్టి చెప్పడం ఆవిడ పద్ధతి. చెప్పే ముందు భుజం మీద ఒకటి తట్టడం కూడా పద్ధతే. ఇంటి పెత్తనం ఎవరిదో గుర్తు చేస్తున్నట్టుండేది ఆ తట్టడం.

కోడలు కుట్టుమిషన్ మీంచి కాలు తీసి, సగం కుట్టిన చొక్కా పక్కన పెట్టింది. అత్తగారి గుప్పిట్లో ఉంది బాతుగుడ్డు. తెచ్చిన వాటిల్లో మిగిలింది అదొక్కటే.

"ఒక్క పూట ఆగండి అత్తయ్యా."

"ఆగిన దానికి ఫలితం చూశాంగా. మొన్న పగిలినదాని కంపు ఇంకా వదల్లేదు. బాతులాయన ఏమన్నాడు? రోజులు నిండేసరికి లోపల్నుంచి పెంకు పొడవాలి, పొడవకపోతే ఆశ వదులుకోమన్నాడా లేదా? ఇప్పుడే చెవి పెట్టి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

బాతులాయన అన్న మాట నిజమే. గుడ్లు కొన్ననాడు ఆయన నోటి వంకే రెప్ప వెయ్యకుండా చూస్తూ, ఒక్క ముక్క పోకుండా పట్టుకుంది కోడలు. గుడ్లను రోజూ అటూ ఇటూ తిప్పాలి. పెట్టెలో నీళ్ళగిన్నె ఉంచాలి, పెంకు ఎండకూడదు. పిల్లను ఒంటరిగా పెంచకూడదు, బెంగపెట్టుకుంటుంది. మొదట్లో పళ్ళెంలో నీళ్ళు చాలు.

ఈ బాతుల పిచ్చి ఆమెకు సందు చివర కాలవ దగ్గర పట్టుకుంది. బాతులు వరసగా పోతుంటాయి. ముందున్నది వెనక్కి తిరిగి చూడనైనా చూడదు. అయినా అది మళ్ళగానే వెనకవన్నీ మళ్ళుతాయి. వాటికెలా తెలుస్తుంది? కుట్టాల్సిన బట్టలు చంకలో పెట్టుకుని, ఆ గట్టు మీద ఎన్నిసార్లు నిలబడిపోయిందో.

ఎదురుగోడ మీద బల్బు వెలిగింది. మొగుడొచ్చాడు. కరెంటు పనివాడు కాబట్టి, వీధి తలుపు దగ్గర మీట నొక్కితే మిషన్ ఎదురుగా వెలిగేలా ఆ బల్బు పెట్టింది అతనే. గుడ్లపెట్టెకి వెచ్చటి బల్బు అమర్చిందీ అతనే.

"నువ్వే చెప్పరా," అంది అత్తగారు, గుడ్డు అతని చేతిలో పెట్టి.

అతను గుడ్డును టార్చి మీద ఆనించి చూశాడు. "అంతా నలుపే అమ్మా. పిల్లో, మురుగో చెప్పలేను."

"అయితే మాట వినండి ఇద్దరూ. ఇది కూడా పోతే ఈ ఇంట్లో బాతు ఊసెత్తకూడదు. సరేనా?"

కోడలు గుడ్డు తీసుకుని మళ్ళీ పెట్టెలో ఉంచింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పెట్టెలో బల్బు ఆరిపోయింది. ఆరిన బల్బు కింద గుడ్డు ఎంతసేపు వెచ్చగా ఉంటుంది? తడుముకుంటూ దాన్ని తీసి, కత్తిరింపుల్లో మిగిలిన మెత్తటి గుడ్డపేలిక కప్పి, చెవి వెనక ఎముకకీ మెడకీ మధ్య ఆనించుకుని కూర్చుంది. చీకట్లో ఆమె ఎవరితోనూ మాట్లాడదు. వాళ్ళూ ఆమెను పలకరించరు. పక్క కొట్టువాడు జనరేటర్ వేసినట్టున్నాడు, కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతోంది, కిటికీలోంచి పొగ వాసన వస్తోంది.

ఆ వణుకు ఆమెకి తెలుసు. మిషన్ వణుకు అంతకన్నా బాగా తెలుసు. దారం తెగితే కంటికన్నా ముందు అరచేతికి తెలుస్తుంది. కానీ ఇప్పుడు ఎముకకి తగిలింది ఆ రెండూ కాదు.

ఒకటి. కాస్త ఆగి, రెండు.

ఆమె ఊపిరి బిగబట్టింది. మళ్ళీ ఒకటి, ఆగి రెండు. ఎముకలోంచి తలలోకి, తలలోంచి ఒళ్ళంతా పాకింది. బొటనవేలంత ప్రాణం, దీపం లేని గదిలో, గోడకి అవతలున్నది ఎవరో కూడా తెలియకుండా తలుపు తడుతోంది. ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అత్తగారు కొవ్వొత్తి పట్టుకొచ్చి, కోడలి మొహం చూసి గాభరాపడింది. "ఏమైందే?"

రెండు చేతులా గుడ్డు పట్టుకుని ఉంది, ఎలా చెప్తుంది? మెల్లగా ఒడిలో పెట్టుకుని అప్పుడు చెప్పింది. "బతికే ఉంది. లోపల తడుతోంది."

అత్తగారు చెవి ఆనించింది. తర్వాత కొడుకు ఆనించాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"ఈ జనరేటర్ గోలలో ఏనుగు ఘీంకరించినా తెలీదు," అన్నాడతను.

అత్తగారు కోడలి వంక చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పిల్ల ఒక్క అబద్ధమాడిన పాపాన పోలేదు. "సరే. తెల్లారేదాకా ఉంచు," అంది.

తెల్లవారుతూనే భుజం మీద చెయ్యి పడింది. ఈసారి తట్టి తీసెయ్యలేదు, అక్కడే ఉండిపోయింది. రాత్రి కరెంటు వచ్చాక తిరిగి పెట్టెలో పెట్టిన గుడ్డు మీద నక్షత్రంలాంటి బీట. బీటలో ముక్కు కొస. ముగ్గురూ పనులన్నీ మానేసి చూస్తూ కూర్చున్నారు. ఎండ గదిలోకి వచ్చేసరికి పెంకు రెండుగా విడిపోయి, తడిసిన పసుపుపచ్చ పిల్ల బయటికి దొర్లింది. లేవలేక లేచి, ముగ్గురినీ చూసి నోరు తెరిచింది.

"ఎంత గొంతు వేసుకుందో చూడు," అన్నాడు మొగుడు, భార్య వైపు తిరిగి. "పద, దీనికి తోడు తెద్దాం."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "నా చేత్తో చెత్తబుట్టలో వేసేదాన్ని తల్లీ. అసలు నిన్న నీకేం తెలిసిందే?"

కోడలు అత్తగారి అరచెయ్యి తీసుకుని, దాని మీద వేలితో తట్టి చూపించింది. ఒకటి. కాస్త ఆగి, రెండు.

పుట్టిన ఇన్నేళ్ళకి, ఆమె విన్న మొట్టమొదటి చప్పుడు అది.