వేడెక్కని బట్టీ

తుపాకి మడమ దెబ్బకు ఏసుపాదం పన్ను ఊడి, రక్తంతో పాటు పిండి తొట్టిలో పడింది.

“ఇయ్యాల గూడ ఆలస్యమేనారా?” అన్నాడు సాలార్. సూర్యాపేట రజాకార్ల క్యాంపుకు అతనే పెద్ద. “నిన్న లారీ కదిలేసరికి చీకటి పడ్డది. ఊర్లెకు పోతే కుక్కలు తప్ప మనిషి లేడు. ఎందుకు? నీ రొట్టెలు కాలక!”

“బట్టీ కాగుతలేదు సర్కార్. ఎంత మంట పెట్టినా గంతే.”

సాలార్ అతని కుడిచెయ్యి పట్టుకుని బట్టీ ఇనుప తలుపుకు అదిమాడు. ఏసుపాదం గొంతు చించుకుని అరిచాడు. కాపలావాళ్లు తలతిప్పి కూడా చూడలేదు.

“నీ చెయ్యి కాలేటంత కాగింది గదా. రొట్టెకెందుకు కాగది? సుతారి కోసం కబురు పెట్టిన. వాడొచ్చి బాగుచేస్తే బతుకుతవు. బట్టీల తప్పు లేదన్నడా, తప్పు నీదే.”

ఏసుపాదం మిర్యాలగూడ మిషన్ బంగళాలో దొరసానికి రొట్టెలు కాల్చేవాడు. ఎండాకాలంలో రజాకార్లు అతన్ని తాళ్లతో కట్టి ఇక్కడికి తెచ్చారు. రొట్టెల మూటలు ఎక్కనిదే లారీ ఊళ్ల మీదికి కదలదు. ఆ సంగతి గమనించాక అతను పొగగొట్టంలో అడ్డంగా ఇటుకలు పెట్టాడు. బట్టీ అడుగున ఇసుకను తడుపుతూ వచ్చాడు. పొద్దుగూకితే చాలు, ఊళ్ల జనం భయంతో జొన్నచేలల్లోకి వెళ్లి పడుకుంటున్నారు. లారీ పగటి వెలుతురులో ఊరు చేరితే శవాలు, చీకటి పడ్డాక చేరితే ఖాళీ ఇళ్లు. అందుకే అతను ఎన్ని దెబ్బలు పడినా నోరు విప్పలేదు.

మధ్యాహ్నానికి మోతె ఊరి నుంచి గట్టయ్య అనే ఇటుకపని చేసే సుతారి వచ్చాడు.

“నిన్ను గూడ గుంజుకొచ్చిన్రా?” అడిగాడు ఏసుపాదం.

“లేదు. సుతారి కావాలన్నరని ఇని నేనే వచ్చిన.”

ఏసుపాదం మొహం తిప్పుకున్నాడు.

గట్టయ్య పొగగొట్టంలో చెయ్యి పెట్టి, మసి పట్టిన ఇటుకలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. అడుగున ఇసుక గోకి వేళ్లతో నలిపాడు. అతని చూపు ఏసుపాదం బొబ్బలెక్కిన అరచేతి మీద ఆగింది.

“ఇటుకలు వాటంతట అవి పడ్డవి గావు,” అన్నాడు మెల్లగా.

ఏసుపాదం అతని కాళ్లు పట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో గుసగుసగా చెప్పాడు. “ఇయ్యాల మోతెకే పోతున్నరు అన్నా. మా చెల్లె సారమ్మ గాడనే ఉన్నది. నీ ఊరే గదనే! జర పొద్దుగూకేదాక ఏదన్న సాకు చెప్పు.”

“నీ సంగతి ఎవ్వలికీ చెప్ప. బట్టీ మాత్రం బాగుచేస్త.”

“ఎందుకు?”

“పని ఒప్పుకున్న.”

గట్టయ్య ఓసారి గుమ్మం వైపు చూసి పార అందుకున్నాడు. గుమ్మం దగ్గరే కాపలావాడు చుట్ట కాలుస్తున్నాడు. గట్టయ్య తడి ఇసుక తోడిపోసి పొడి ఇసుక నింపాడు. గొట్టం శుభ్రం చేసి కట్టెలు అంటించాడు. మంట గుప్పున లేచింది. రొట్టెలు ఎర్రగా కాలాయి. ఎండ ఇంకా చురుక్కుమంటుండగానే లారీ బయలుదేరింది. ముందు కూర్చున్న సాలార్ ఒక రొట్టె గట్టయ్య మీదికి విసిరాడు. గట్టయ్య దాన్ని పట్టుకుని అక్కడే నిలబడి తిన్నాడు.

లారీ దుమ్ము కనుమరుగు కాగానే ఏసుపాదం రొట్టెలు తీసే పొడుగాటి తెడ్డు తీసుకుని గట్టయ్య నెత్తిన కొట్టాడు. మళ్లీ కొట్టాడు. భుజం ఎముక విరిగిన చప్పుడైంది.

“తిన్నవు గదరా! మా చెల్లె పీనుగు మీద గూసొని తిన్నవు!”

గట్టయ్య కింద పడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. కాపలావాళ్లు నవ్వుతూ చుట్టూ చేరారు. తెడ్డు విరిగిపోయాక ఏసుపాదం అతని ఎదమీద మోకాలు పెట్టి గొంతు పిసికాడు. కాలిన చేతికి పట్టు చిక్కలేదు. ఏడుస్తూ పక్కకు ఒరిగిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఒక ఎడ్లబండి క్యాంపు ముందు ఆగింది. లారీ డ్రైవర్ దిగబోయి కూలబడ్డాడు. అతని ఎడమచెయ్యి తోలు పట్టుకుని వేలాడుతోంది.

“వాగు మీద మోరీ వంతెన కాడ... సాలార్ సాబ్ ఖతం. అందరు ఖతం!”

కాపలావాళ్లు తుపాకులు తీసుకుని ముందు వాకిలికి పరిగెత్తారు. నెత్తురోడుతున్న గట్టయ్య లేచి, ఏసుపాదం అంగీ పట్టుకుని వెనక గోడ దాకా ఈడ్చాడు. ఇద్దరూ గోడ దూకి జొన్నచేలో పడ్డారు. పాకుతూ చాలాదూరం పోయాక ఆగారు.

“మా చెల్లె?” అన్నాడు ఏసుపాదం.

“మోతె దాక పోతేగద! మోరీ కాడ మా సంగం దళపోళ్లు మాటేసి పండుకొని ఉన్నరు.”

“మీ దళమా? మరి నాకెందుకు చెప్పలే?”

“కాపలోడు గుమ్మంలనే ఉండె. ఒక్క మాట ఇన్నా ఇద్దరం సచ్చెటోళ్లం.” గట్టయ్య రక్తం ఉమ్మాడు. “మాయి మందు కూరి పేల్చే బర్మారు తుపాకులు. చీకట్ల గురి దొరకది. లారీ లైట్లు కండ్లల్ల కొడ్తయి. వాళ్లు వెలుతురుల రావాలె. ఎన్ని వాగుల కాడ కాసినం! ఎప్పుడు సూసినా చీకటి పడ్డంకనే వస్తుండిరి. మా ముందట్నుంచే పోయి, ఇండ్లు కాలవెట్టి, దొరికిన ముసలోళ్లను నరికి, మల్ల మా ముందట్నుంచే వస్తుండిరి. గందుకే సుతారి కావాలంటే నేనే వచ్చిన.”

ఏసుపాదం తన కాలిన అరచేతి వైపు చూసుకున్నాడు. “జనాన్ని కాపాడుదామనే బట్టీని ఆపిన,” అన్నాడు.

గట్టయ్య అతని కాలిన చేతిని తన ఒళ్లోకి తీసుకున్నాడు.

“నీ బట్టీ కాపాడింది రజాకార్లనే అన్నా.”