తగిలిన టికెట్టు

బోధన్ బస్టాండు దగ్గర లాటరీ టికెట్లమ్మే కమలమ్మ, యజమాని లేనప్పుడు కూలీలకు మెల్లగా చెప్పేది: "లక్ష టికెట్లకు ఒక్కటే పెద్ద బహుమతి, బిడ్డా. ఇంటికి పో."

భర్త పోయాక ఆమె చెరుకు చేనును తన పొలంలో కలుపుకున్న మరిది జీవరాజుకు మాత్రం ఆ లెక్క చెప్పలేదు.

చదువురాని జీవరాజు ఆ రోజు టికెట్టు చూడమని ఆమెకే ఇచ్చాడు. "వదినె, ఏడాది సంది ఒక్కటన్న తగల్లే. గిది గూడ తగలకుంటే బంద్ జేస్త."

ఆమె పేపర్లో నంబర్లు చూసి, అతని చేతిలో యాభై రూపాయలు పెట్టింది. "తగిలింది, జీవరాజూ."

"నీ చెయ్యి సల్లగుండ! ఎకరం అమ్మెస్త. ఇగ పెద్దదే కొడ్త!"

అతను వెళ్లాక, కమలమ్మ తగలని ఆ టికెట్టును చించేసింది. యాభై ఆమె రెండు రోజుల కూలి. చేను తనకు తిరిగి రాకపోయినా సరే, అతనికి మిగలకూడదని ప్రభువును వేడుకుంది.