చెవిటి తాత

“తాతా! ఓ తాతా! పక్కకి తప్పుకో!”

బండివాడు గొంతు చించుకున్నాడు.

ముందు నడుస్తున్న ముసలాయన తల కూడా తిప్పలేదు. చేతికర్ర ఆనించుకుంటూ, వాలు దారికి సరిగ్గా నడిమధ్యన, నిమ్మకు నీరెత్తినట్టు నడుస్తున్నాడు.

ఆ దారికి ఒకపక్క కొండ, ఇంకోపక్క పల్లం. ఆయన్ని తప్పించి బండిని ముందుకు పోనిచ్చే జాగా లేదు. ఎడ్లు రెండూ ఆయన వెనకే అడుగులో అడుగేస్తున్నాయి.

“ఆయనకి చెవుడేమో పాపం. ఎందుకయ్యా అరుస్తావు?” అంది కూరగాయల బస్తాల మీద కూర్చున్న భార్య.

“చెవుడైతే ఇంట్లో కూర్చోవాలి. మనం సంతకి చేరేసరికి గేటు దగ్గర జాగా మిగులుతుందా? మళ్లీ ఆ మూల గోడ పక్కనే మనకి గతి.”

“కాస్త ఆలస్యమైతే నీ టమాటాలు ముసలివైపోవులే.”

“టమాటాల సంగతి తర్వాత. ఈయన వెనక నడిచి నడిచి నేను ముసలాణ్ణైపోతున్నాను!”

భార్య నవ్వింది.

“అయినా తెల్లెద్దు మెడలో ఆ బీటవారిన గంట మార్చమని ఎన్నాళ్లుగా చెబుతున్నాను? దాని బొంగురు మోత పక్కనున్న నాకే సరిగ్గా వినపడదు. ఆయనకేం వినపడుతుంది?”

ప్రతి సంత రోజూ ఇదే తంతు. వాలు మొదట్లో ఉన్న పెంకుటింట్లోంచి ముసలాయన బయటికొస్తాడు. బండికి ముందు నడుచుకుంటూ కిందిదాకా దిగుతాడు. ఆయాసపడుతూ మళ్లీ పైకెక్కుతాడు. ఇంకో బండి వస్తే దానికీ అడ్డమే. పనీపాటా లేనివాడని బండ్లవాళ్లందరూ విసుక్కునేవారు. చెవిటి తాత అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, ఎక్కువగా వాడింది మాత్రం మన బండివాడే.

ఆ వాలులో బండి దిగి, ఎడ్ల ముందు నిలబడి, పగ్గాలు బిగపట్టి నడిపించాలని పాతకాలం వాళ్లు చెప్పేవారు. లేకపోతే బరువంతా ఎడ్ల మెడల మీదికి వచ్చి పడుతుందట. ఇతను ఒక్కసారి కూడా దిగి ఎరగడు.

“నా ఎడ్లు బంగారం. పగ్గం ముట్టుకోకుండానే నెమ్మదిగా దిగిపోతాయి,” అని సంతలో గొప్పలు పోయేవాడు.

అందులోనూ తెల్లెద్దంటే అతనికి ప్రాణం. పుట్టగానే తల్లి పోతే, సీసాతో పాలు పట్టి పెంచాడు. ఇంట్లో తనకంటే దానికే మర్యాద ఎక్కువని భార్య దెప్పుతూ ఉంటుంది.

వాలు అయిపోయింది. ముసలాయన పక్కకి జరిగాడు.

“నువ్వు పోతేగానీ ఈ దారికి పట్టిన పీడ వదలదు తాతా!” అన్నాడు బండివాడు, ఆయన మొహం మీదే.

ముసలాయన తెల్లెద్దు మూపురం నిమిరి, చిన్నగా నవ్వాడు.

“చూశావా? తిడితే నవ్వుతున్నాడు. ఒక్క ముక్క వినపడితేగా!”

తర్వాతి సంత రోజున దారిలో ఎవరూ లేరు.

“హమ్మయ్య! ఇవాళ గేటు దగ్గర జాగా మనదే!”

“ఏమయ్యాడో పాపం,” అంది భార్య.

“ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి అడ్డంగానే ఉంటాడులే,” అంటూ ఎడ్లను అదిలించాడు.

ఎడ్లు చురుగ్గా అడుగేశాయి. ఇంకాస్త చురుగ్గా. ఇంకాస్త. వెనకనుంచి బరువు తోసుకొస్తోంది.

“ఏమయ్యా, పగ్గం పట్టు!”

పట్టాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. తెల్లెద్దు ముందుకాళ్లు మడతపడ్డాయి. బండి కొండవైపు ఒరిగి, రాళ్లకు తగిలి ఆగిపోయింది. బస్తా పిగిలి, టమాటాలు వాలు పొడుగునా దొర్లుకుంటూ పోయాయి.

అతను వాటివంక చూడనే లేదు. ఎద్దు తల ఒళ్లోకి తీసుకున్నాడు.

“లేవరా నాన్నా! లే! నా తండ్రివి కదూ!”

పెంకుటింట్లోంచి ఒకామె బకెట్టుతో నీళ్లు, పాత చీర ముక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గాయాలు కడిగింది. భార్యాభర్తలిద్దరూ కాడి విప్పి, ఎద్దును సముదాయించారు. చివరికి అది వణుకుతూ లేచింది. కుంటుతోంది గానీ నిలబడింది. బండివాడు దాని మెడ పట్టుకుని ఏడ్చేశాడు.

కాసేపటికి తేరుకుని అడిగాడు.

“ఇక్కడ ఒక తాత నడిచేవాడు కదమ్మా. ఇవాళ లేడేం?”

“మా నాన్న. పోయిన సంత మర్నాడే కాలం చేశారన్నా,” అంది ఆమె, ఎద్దు మోకాలికి గుడ్డ చుడుతూ.

గుడ్డ ఇంకో చుట్టు తిప్పి, ఆమే మళ్లీ చెప్పింది.

“ఆయనకీ బండి ఉండేది. ఒకసారి ఈ వాలులోనే తొందరపడ్డారు. రెండెడ్లూ ఇక్కడే ప్రాణం వదిలాయి. మళ్లీ బండి కట్టలేదు. ఎదురుగా మనిషి నడుస్తుంటే ఎడ్లు పరిగెత్తవని, అప్పట్నుంచీ ఎవరి బండి వచ్చినా ముందు ఆయనే నడిచేవారు.”

బండివాడు తన బంగారంలాంటి ఎడ్లవంక చూశాడు. అవి ఇన్నాళ్లూ ఎవరి చలవ వల్ల నెమ్మదిగా దిగాయో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

“ఎన్నెన్ని మాటలన్నానో తల్లీ. కాస్త నయం, పాపం ఆయనకి వినపడేవి కావు.”

కట్టు ముడివేస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

“వినపడకపోవడమేమిటన్నా? మీ తెల్లెద్దు మెడలో ఆ బొంగురు గంట అల్లంత దూరాన మలుపులో మోగగానే, అన్నం ముందు కూర్చున్నా లేచి కర్ర అందుకునేవారు.”