ఎర్రగా వెలిగిన వేలు

“అమ్మా, కాలు కదపకు,” అన్నాడు కొడుకు, తల్లి నల్లబడిన బొటనవేలి మీదికి లేజర్ తిప్పుతూ.

ఆ వెలుగు చర్మం మీద సన్నని చుక్కలుగా మెరిసింది. లోపల రక్తం పారితే చుక్కలు అలుక్కుపోయి, కెమెరా తెర మీద ఎరుపు కనిపిస్తుంది. లేకపోతే నీలం. అతని పరిశోధనంతా అదే.

తెర మీద వేలు ఎర్రగా వెలిగింది.

అక్కడికక్కడే డాక్టరుకు ఫోన్ కొట్టాడు. “వేలు తీసెయ్యాలన్నారుగా? రక్తం బ్రహ్మాండంగా ఆడుతోంది. మీ కళ్లకంటే నా కెమెరా నయం!” అని దులిపేసి పెట్టేశాడు.

ఆ సంబరంలో తన కోటు విప్పి తల్లి భుజాల చుట్టూ కప్పాడు.

కాసేపటికి తెర మీద వేలు నీలంగా మారిపోయింది.

అతను తల్లి భుజాల మీది కోటు వంక చూశాడు. “అమ్మా... చలేసిందా నీకు?”

“ల్యాబ్‌లోకి వచ్చినప్పట్నుంచీ, నువ్వీ కోటు కప్పేదాకా వణుకుతూనే ఉన్నా కదరా. నీ మిషన్‌కి ఏసీ ఉండాలన్నావని ఊరుకున్నా.”

చుక్కల్ని అలికేసింది రక్తం కాదు, ఆ వణుకు. అతను తలెత్తలేకపోయాడు.

కొడుకు ముఖం చూసి ఆమె మెల్లగా కోటు తీసేసింది.

“ఇప్పుడు చూడు నాన్నా, మళ్లీ ఎర్రగా వస్తుందేమో.”