ఎవరి జెల్ కింద వాళ్ల చెయ్యి

"ముందు ఎవరు చెయ్యి పెడతారు?" ఇనుప గుండు ఎత్తి పట్టుకుని అడిగింది డైరెక్టర్ మేడమ్.

ఆ ప్రయోగశాలలో అదో మొండి ఆచారం. కాపలా సిబ్బందికి తేలికపాటి కవచాలు కుట్టించాలంటే, వాటిలో పెట్టే జెల్ ఎవరు తయారుచేస్తే వాళ్లే దాని కింద తమ అరచెయ్యి పెట్టాలి. మామూలుగా మెత్తగా ఉండే జెల్, దెబ్బ పడిన క్షణంలో గట్టిపడాలి. అదీ మండుటెండలో కాగినంతగా ఓవెన్‌లో వేడి చేశాక!

"నేనే పెడతా," అన్నారు మాస్టారు.

నీలం తొడుగులో ఉండాల్సింది ఆయన జెల్, పసుపు తొడుగులో ఆయన శిష్యురాలిది. చూడ్డానికి రెండు పలకలూ ఒకేలా ఉంటాయి. పొద్దున గదిలో ఎవరూ లేనప్పుడు మాస్టారు తొడుగులు విప్పి, లోపలి పలకలు తారుమారు చేశారు. తన జెల్ వేడికి నిలవదేమోనని ఆయనకు ఒకటే గుబులు. రిటైరయ్యే ముందు, తను పాఠం చెప్పిన పిల్ల చేతిలో ఓడిపోతే ఇంకేమైనా ఉందా? తన జెల్‌ని తర్వాత మెల్లగా సరిదిద్దుకోవచ్చులే అనుకున్నారు.

గుండు నీలం తొడుగు మీద పడింది. మాస్టారికి చీమ కుట్టినట్టయినా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం నేల చూపులు చూశారు.

శిష్యురాలు పసుపు తొడుగు కింద చెయ్యి పెట్టింది. గుండు పడింది.

"అమ్మా!" అంటూ కూలబడిపోయింది. వేళ్లు చూస్తుండగానే వాచిపోయాయి.

"సరే, మాస్టారి జెల్‌తోనే కవచాలు కుట్టించండి," అంది మేడమ్.

తన చచ్చు జెల్ తొడుక్కుని తుపాకులకు ఎదురెళ్లే మనుషులు మాస్టారి కళ్లముందు మెదిలారు. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది.

"ఆగండి మేడమ్! పొద్దున నేనే లోపలి పలకలు మార్చేశాను. నన్ను కాపాడింది ఆ పిల్ల జెల్. దాని చెయ్యి నలగ్గొట్టింది నాది. " శిష్యురాలి వైపు తిరిగారు. "పాడు బుద్ధి పుట్టింది తల్లీ, క్షమించు."

శిష్యురాలు వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పికి తట్టుకోలేకపోతోందనుకుని, ఐసు తెమ్మని కేకేశారు మాస్టారు.

"నొప్పికి కాదు మాస్టారూ," అందామె తల వంచుకునే. "పొద్దున మీరు రాకముందే నేనూ పలకలు మార్చేశాను, మీ జెల్ కింద అయితే నా చెయ్యికేం కాదని!"