నిలువుకాళ్ళ విందు

“ఒక్క కుర్చీ కనిపించినా ఊరుకోను. ఈ ఫోర్కులెవరు పెట్టమన్నారు ఇక్కడ?”

యూనివర్సిటీ ఉపాధ్యక్షుడు కెండ్రిక్ బల్లమీది ఫోర్కుల బుట్టను వంటావిడ వెర్నా చేతుల్లోకి విసురుగా నెట్టాడు.

“అలవాటుకొద్దీ పెట్టాను సార్.”

“నీ అలవాటు నా కొంప ముంచుతుంది. మాలాగా పైరవీలకు మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళు కాంగ్రెస్ సభ్యుడికి భోజనం పెట్టకూడదు. నిలబడి పుల్లకు గుచ్చుకుని తింటే చిరుతిండి. కూర్చుని ఫోర్కుతో తింటే భోజనం. బుర్రకెక్కిందా?”

“ఎక్కింది సార్.”

వాషింగ్టన్ చట్టాలు అంత నాజూకుగా ఉంటాయి. లంచానికీ మర్యాదకీ మధ్య అడ్డంగా ఉండేది ఒక పంటిపుల్ల. కెండ్రిక్ హాలంతా కలయతిరిగి, గోడవారనున్న చిన్న స్టూలుని కూడా బయట పెట్టించాడు.

అతను అటు వెళ్ళగానే ఇంకో వంటావిడ లొరేన్ వెర్నా పక్కకొచ్చి పళ్ళు నూరింది. “నిన్ను గుర్తు కూడా పట్టలేదు చూశావా? ఇరవై రెండేళ్ళు వీళ్ళ యూనివర్సిటీ క్యాంపస్‌లో పిల్లలకి వండిపెట్టాం. వాషింగ్టన్‌లో ఈ పైరవీల ఖర్చులకి డబ్బు చాలట్లేదని మన క్యాంటీన్‌కి తాళం వేయించింది వీడే కదే. పదకొండుమందిమి రోడ్డున పడ్డాం. ఇప్పుడిలా ఊరిమీద విందులకి వండుకు బతుకుతున్నాం.”

“నిద్రలో లేపి అడిగినా చెప్తాను.”

“అయితే ఇంకేం? ఆ టోలివర్ ముసలాయన రాగానే కుర్చీ వేసి, ప్లేటూ ఫోర్కూ చేతికిద్దాం. నేను ఫొటో తీస్తా. రేపటికి వీడి ఉద్యోగం ఉండదు.”

“వీడు పోతే ఇంకోడొస్తాడు. నాకది చాలదు. నువ్వు ట్రేలు చూసుకో.”

కడుపులో అంత మంట పెట్టుకున్న మనిషి ఇంత నెమ్మదిగా మాట్లాడటం లొరేన్‌కి నచ్చలేదు.

కాంగ్రెస్ సభ్యుడు టోలివర్ ఆరింటికి వచ్చాడు. యూనివర్సిటీ అడుగుతున్న కొత్త ప్రయోగశాలకు నాలుగు కోట్ల డాలర్లు రాయాలన్నా కొట్టేయాలన్నా ఆయన కలమే. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాలు ఈమధ్యే మార్పించుకున్నాడు. కెండ్రిక్ ఏడాదిగా ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. ఎప్పుడూ దొరికేది ఐదు నిమిషాలే, అదీ వరండాలో వెంట నడుస్తూ.

“సార్, ఈ ప్రయోగశాల గనక వస్తే...”

“ఎక్కడన్నా కూర్చోబెట్టి చెప్పవయ్యా. కాలు లాగేస్తోంది.”

“క్షమించాలి సార్. రూలు మీకు తెలిసిందే.”

“నేను ఓటేసిన రూలేగా, తప్పుతుందా.”

వెర్నా ట్రేతో వచ్చి, పుల్లకు గుచ్చిన మాంసం ఉండ ఆయన చేతికిచ్చి, ఏదో మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

కెండ్రిక్ ఇంకో సభ్యుడికి చెయ్యి కలిపి వెనక్కి తిరిగేసరికి టోలివర్ లేడు. లిఫ్టు దగ్గర లేడు. బాత్రూంలో లేడు. కెండ్రిక్ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు పరుగెత్తాడు. ముప్పావుగంట గడిచింది. ఏడాది కష్టం గంగపాలయ్యేట్టుందని చెమటలు తుడుచుకుంటూ, చివరికి వంటగది తలుపు తోశాడు.

టోలివర్ కుర్చీలో ఉన్నాడు. ఆపరేషనైన కాలు ఇంకో కుర్చీమీద చాపుకున్నాడు. ఒళ్ళో రుమాలు, చేతిలో ఫోర్కు, ముందు రెండోసారి వడ్డించిన బీఫ్ స్టూ. ఎదురుగా వెర్నా కూర్చుని ఉంది.

కెండ్రిక్ ఒక్క అంగలో ఆయన కుర్చీ దగ్గరికొచ్చాడు. “సార్, లేవండి, ఎవరైనా చూస్తే... ఏమ్మా, నా డబ్బుతో నన్నే ముంచుతావా?”

“మీ డబ్బు ఆ ట్రేల్లో ఉంది సార్. ఇది మా ఇంట్లో వండుకొచ్చింది. ఆ రూలు పైరవీలకు మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళకేగా? నాకెవరున్నారు? నా గోడు నేనే చెప్పుకుంటున్నాను.”

కెండ్రిక్ టోలివర్ వైపు తిరిగాడు. “సార్, ప్రయోగశాల గురించి ఒక్క నిమిషం...”

టోలివర్ ప్లేటులోంచి తలెత్తలేదు. “తలుపేసి వెళ్ళవయ్యా. ఈవిడ కథ ఇప్పుడే నువ్వు క్యాంటీన్‌కి తాళం వేయించిన రోజు దగ్గరికొచ్చింది.”