ఓవర్‌డ్రైవ్

“ఏవండీ, ఓవర్‌డ్రైవ్‌లో పెట్టారు,” అంది వసంతకుమారి.

“ఆ మాట మళ్లీ అనకు,” అన్నాడు ఆనందబాబు.

గొంతు పెంచలేదు. అయినా ఆమె ఉలిక్కిపడింది. పెళ్లయ్యాక ఆయన ఆమెతో అలా మాట్లాడడం అదే మొదటిసారి.

1985 జూలై. కొలరాడో కొండ రోడ్డు. పోవడానికొక వరస, రావడానికొక వరస. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎత్తు ఎక్కుతోంది. దాని వెనక తగిలించిన క్యాంపర్ చిన్నపాటి ఇల్లంత ఉంది.

బండి ఆ ఏడాదే కొన్నారు. క్యాంపర్ మాత్రం అద్దెది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో దాన్ని తగిలించి ఇచ్చినతను ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. ఓవర్‌డ్రైవ్ అనేది ఖాళీ బండికి, చదును రోడ్డుకి. గ్యాస్, అంటే పెట్రోలు, ఆదా అవుతుంది. ఇంత బరువు లాగుతూ, అందులోనూ కొండ ఎక్కుతూ ఆ గేరులో పెడితే లోపల ఆయిల్ మరిగిపోతుంది. కాసేపటికి గేర్‌బాక్సే కాలిపోతుంది.

ఆనందబాబుకి అలాంటి మాట చెవిన పడితే చాలు. సొంత డ్రైవ్‌వేలోకి తిరగడానికి కూడా నాలుగు పక్కలా చూసి సిగ్నల్ వేస్తాడని చర్చిలో స్నేహితులు ఆయన్ని ఆటపట్టిస్తారు. టెక్సస్ దాటి, న్యూమెక్సికో దాటి వచ్చేదాకా గేరు లివర్‌ని ఓవర్‌డ్రైవ్‌లోకి పోనివ్వలేదు.

“ఫ్లాట్ రోడ్డే కదండీ, కాసేపు పెట్టచ్చుగా,” అని నిన్న వసంతకుమారే నవ్వింది.

“నో, నో. రిస్క్ తీసుకోను,” అన్నాడు.

ఆ మనిషే, కొండ మొదట్లో గ్యాస్ స్టేషన్ నుంచి బయల్దేరగానే, తన చేత్తో లివర్ జరిపాడు.

ఇంజను మూలగడం మొదలుపెట్టింది. గేరు ఒకసారి కిందికి పడుతోంది, అంతలోనే పైకి పోతోంది. పడినప్పుడల్లా బండి తుళ్లిపడుతోంది.

ఆనందబాబు పక్కనున్న ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ కూడా లాగాడు. ముందు చక్రాలకి కూడా పని పడింది. వానా లేదు, మంచూ లేదు. ఎండిన తారు రోడ్డు. మలుపు తిరిగినప్పుడల్లా టైర్లు కీచుమన్నాయి.

“ఇప్పుడు ఇదెందుకండీ?”

“ఉండనీ.”

ఆయన కణతల మీద చెమట పట్టింది. అద్దంలోకి చూశాడు. మళ్లీ రోడ్డు కేసి చూశాడు.

“అతనేం చెప్పాడో మర్చిపోయారా? హీట్ ఎక్కితే ట్రాన్స్‌మిషన్...”

“తెలుగు రాదా నీకు?” అని కసిరాడు.

ఆ మాట అన్నది ఎవరు! నాలుగు ఇంగ్లీషు ముక్కలు లేకుండా ఉప్పు అందించమని కూడా అడగలేని మనిషి. వసంతకుమారి ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మాటలు వెతుక్కుంటూ అంది.

“ఇంత బరువుతో ఇలా ఎక్కితే లోపలి పళ్లచక్రాలు మాడిపోతాయి కదండీ.”

“మాడనీ.”

పైకి అది మొగుడూ పెళ్లాల కీచులాటలాగే ఉంది.

వెనక బండ్లు పేరుకుంటున్నాయి. హారన్లు మోగుతున్నాయి. దారి ఇవ్వడానికి రోడ్డు పక్కన ఒకచోట ఖాళీ జాగా కనిపించింది. మామూలుగా అయితే ఆనందబాబు అక్కడ పక్కకి తీసి, చెయ్యి ఊపి, అందరినీ ముందుకి పంపేవాడు. ఆ జాగా వెనకబడిపోయింది.

“పక్కకి తీసి ఆపకూడదా?” అంది.

“పక్కన ఆగితే ఎవరికీ అడ్డం ఉండదు.”

ఆమె పైకి పోతున్న రోడ్డు కేసి చూసింది.

“కొండ కొన దాకా వెళ్లిపోతామేమోనండీ.”

“వెళ్లకూడదు. అది దాటితే అడవి దారి. ఇక మనం తిరిగి రాము.”

వసంతకుమారి కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. “ప్రభువా” అన్న మాట ఒక్కటే పైకి వినిపించింది. తర్వాత కళ్లు తెరిచి, చెయ్యి చాచి, ఏసీని చివరిదాకా తిప్పింది. కొండగాలికి అసలే చలిగా ఉంది. ఇంజను మీద ఇంకాస్త భారం పడింది.

ఆనందబాబు ఆమె వైపు తిరగలేదు. ఏసీని తగ్గించనూ లేదు.

ముందు మాడు వాసన వచ్చింది. తర్వాత ఎర్ర దీపం వెలిగింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజను గొంతు చించుకుని అరిచింది కానీ చక్రాలు తిరగలేదు. బండి రోడ్డు నడిమధ్యన ఆగి, క్యాంపర్ బరువుకి వెనక్కి జారబోయింది. ఆనందబాబు బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు.

కింద నుంచి తెల్లటి పొగ లేచింది.

వెనక కింది మలుపు దాకా కార్లు ఆగిపోయాయి. హారన్లు ఆగి, తలుపులు తెరుచుకున్నాయి. ఒకాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇంకొకాయన చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. ఎదురు వరసలో దీపాలు తిప్పుకుంటూ పోలీసు కారు పైకి వచ్చింది.

వసంతకుమారి దగ్గుతూ, అంతమంది చూస్తుండగా తలుపు తీసుకుని దిగింది. బండి పట్టుకుని నడిచి, పోలీసుకి ఎదురెళ్లింది.

ఆనందబాబు దిగలేదు. పొగ కమ్మేస్తున్నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. చూపు ముందుకే ఉంది.

“మీవారు దిగరేం? బండి అంటుకునేలా ఉంది!” అన్నాడు పోలీసు.

వసంతకుమారి అతనికి బాగా దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, ఇంగ్లీషులో చెప్పింది: “గ్యాస్ స్టేషన్‌లో మా బండెక్కిన మనిషి వెనక సీట్లో ఉన్నాడు, మావారి మెడకి తుపాకీ ఆనించి.”